ఖాకీ వేసుకోమంటారు, షీటు మాత్రం తీసెయ్యరు

పెద్దయ్యాక ఏమవుతారని ఐదో తరగతి పిల్లల్ని అడగడం మా బడుల్లో ప్రతి ఏడూ ఉండేదే. ఎరుకల కాలనీల నుంచి, సుగాలి తండాల నుంచి వచ్చే పిల్లల్లో సగం మంది ‘పోలీసు’ అంటారు. సినిమా చూసి అంటున్నారులే అనుకునేవాళ్లం. ఒక ఏడాది ఒక ఆడపిల్ల కూడా అదే చెప్పింది. ఎందుకమ్మా అని అడిగితే, ‘మా నాయన్ను స్టేషన్‌కు పిల్చుకపోకుండా ఉండేకి సార్’ అంది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. సగం మంది ఇళ్లలో ఆ సంగతి జరిగిందే.

మేము హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పనిచేసే ఎరుకల, సుగాలి టీచర్లం. బుక్కపట్నం డైట్‌లో శిక్షణ తీసుకుని, డీఎస్సీ రాసి ఉద్యోగాల్లోకి వచ్చాం. మాలో కొందరి అమ్మానాయనలు ఈత బరిగెలతో బుట్టలల్లి సంతల్లో అమ్మినవాళ్లు, కొందరివాళ్లు చెనిక్కాయ చేలల్లో కూలికి పోయినవాళ్లు. మా వాళ్లు పోలీసు ఉద్యోగాలకు పోవాలా వద్దా అన్న మాట మా ఇళ్లలో చాలా ఏళ్లుగా నలుగుతోంది. ‘ఆ గుడ్డ మన ఒంటిమీద పడకూడదు’ అంటారు పెద్దవాళ్లు. ‘ఇంటికొక కానిస్టేబుల్ ఉంటే ఎవడూ మన గడప తొక్కడు’ అంటారు సంఘాల్లో తిరిగే కుర్రాళ్లు. ఈ రెండు మాటలతోనూ మాకు పేచీ ఉంది.

మా పిల్లలు పోలీసులు కావాలనే మేమంటాం. అయితే ఒక చేత్తో మా పిల్లవాణ్ణి ఉద్యోగానికి పిలుస్తూ, ఇంకో చేత్తో వాడి ఇంటివాళ్ల పేర్లు అనుమానితుల పుస్తకంలో ఉంచుకునే ప్రభుత్వం ముందు ఆ పుస్తకాన్ని సరిచేసుకోవాలి. నీ నడవడి ఎలాంటిదో చూపించమని మా వాణ్ణి అడిగేది ఆ తర్వాత.

మా పెద్దవాళ్ల భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఈ కాలం పిల్లలకు తెలియదు. పాఠ్యపుస్తకాల్లో లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. రైళ్లు రాక ముందు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ తీరం నుంచి ఈ మెట్ట సీమకు తిరిగిన వర్తకులు ఎరుకలు, సుగాలీలు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద తెల్లదొరల ప్రభుత్వం తన పట్టు బిగించింది, మా వర్తకం కూలిపోయింది. బతుకు పోయినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన పేరు ‘నేరస్థ తెగలు’. 1871లో ఉత్తర హిందూస్థానంలో మొదలైన ఆ చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు రాజధానికి వచ్చింది. అనంతపురం జిల్లా అప్పుడు అందులోదే. ఆ చట్టం కింద ఫలానా తెగ నేరస్థులని ప్రభుత్వం ప్రకటిస్తే చాలు, అది తప్పని ఏ కోర్టులోనూ అడగడానికి లేదు. పేరు రిజిస్టర్లోకెక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, చెప్పిన వేళకు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. దొంగతనం చేశాడా లేదా అన్న ప్రశ్నే లేదు. ఎరుకల తల్లికి పుట్టడమే నేరం.

టీచర్లుగా మేము మరిచిపోలేనిది ఆ చట్టంలో ఇంకొకటి ఉంది. ఆరేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి దిద్దుబాటు బడుల్లో పెట్టే అధికారాన్ని అది ప్రభుత్వానికిచ్చింది. మా జాతికి సర్కారు బడి మొదట పరిచయమైంది చాలాచోట్ల ఈ రూపంలోనే. బాపట్ల దగ్గర 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిన ఎరుకల సెటిల్‌మెంటుకు హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొర పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. ఆ ఊరి పేరు తర్వాత దొంగతనానికి మారుపేరైంది. 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ అని సినిమా వచ్చింది, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ అని ఇంకోటి వచ్చింది. ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ల మీద మాత్రం ఎవరూ సినిమా తీయరు.

మా హిందూపురం సంగతే చూడండి. ‘కొండవీటి సింహం’లో పోలీసు అధికారిగా వేసిన ఎన్.టి.రామారావు గారిని ఈ ఊరు మూడుసార్లు అసెంబ్లీకి పంపింది. ‘రౌడీ ఇన్‌స్పెక్టర్’గా వేసిన బాలకృష్ణ గారిని 2014 నుంచి పంపుతోంది. తెర మీద ఖాకీ చూస్తే ఈలలు వేసే ఊరు ఇది. మా కాలనీ కుర్రాళ్లూ ఆ ఈలల్లో ఉన్నారు. సినిమా అయిపోయి రాత్రి పదకొండుకు ఇంటికి నడిచి వచ్చేటప్పుడు మాత్రం బండి హెడ్‌లైటు ముందు నిలబడి ‘యాడోడివిరా? ఏ కాలనీ?’ అన్నదానికి జవాబు చెప్పాల్సింది కూడా వాళ్లే. కాలనీ పేరు చెప్పగానే ఆ గొంతు మారుతుంది. అది మేమందరం విన్న గొంతే. టీచర్ ఐడీ కార్డు చూపించాక మళ్లీ మారిన గొంతూ విన్నాం.

మద్రాసు రాష్ట్రం 1947లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. దేశానికి 1947లో వచ్చిన స్వాతంత్ర్యం మా లాంటి తెగలన్నిటికీ రావడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. ఆ వెంటనే ‘అలవాటు పడ్డ నేరస్థుల’ చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ చట్టం 1962 నాటిది. కాగితం మీద ఇవి మనిషిని చూసి పెట్టేవే గాని జాతిని చూసి కాదు. స్టేషన్‌లో మాత్రం పాత రిజిస్టర్‌లో ఉన్న ఇళ్ల మీదికే కొత్త రిజిస్టరూ పోయింది. తెలుగులో ‘కేడీ’ అని ఒక తిట్టు ఉంది. పాత నేరస్థులకు పోలీసు రికార్డుల్లో పెట్టిన రెండు ఇంగ్లీషు అక్షరాలు అవి. ఆ అక్షరాలు స్టేషన్ గోడ దాటి జనం నోళ్లలో పడ్డాయి. ఇప్పుడు బడిలో పిల్లలు ఆడుకుంటూ మా పిల్లల్ని ఆ మాటతో పిలుస్తారు. అర్థం తెలియక పిలుస్తారు. మేము తెలిసి వింటాం.

ఇక ఉద్యోగం సంగతికి వస్తాం. మాకు ఎస్టీ రిజర్వేషన్ 6 శాతం ఉంది, వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది, ప్రిలిమినరీలో 30 శాతం మార్కులొస్తే చాలు. ఇన్ని ఇచ్చాక ఇంకేం కావాలని తోటి టీచర్లే అడుగుతుంటారు. వాళ్లకు ఒక లెక్క చెప్తాం. కానిస్టేబుల్‌కు మగపిల్లవాడు 167.6 సెంటీమీటర్ల ఎత్తుండాలి, ఛాతీ 86.3 ఉండాలి, ఊపిరి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. ఆడపిల్లకు 152.5 ఎత్తు. ఎస్టీలకు ఇందులో సడలింపు ఉంది: మగవాళ్లకు 160, ఆడవాళ్లకు 150. అయితే అది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల ఏజెన్సీ వాళ్లకే. ఆ అన్నదమ్ములకు అది ఉండాల్సిందే, దాని మీద మాకు ఏ అసూయా లేదు. మేమడిగేది వేరు. రాగిసంగటి, ఊరిబిండి తిని, కరువు సీమలో తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి అరకడుపుతో పెరిగిన పెనుకొండ ఎరుకల పిల్లకు, సుగాలి పిల్లకు ఆ సడలింపు ఎందుకు లేదు? సర్టిఫికెట్‌లో ఎస్టీ అయినవాళ్లం కొలబద్ద దగ్గరికి వచ్చేసరికి ఎందుకు కాకుండా పోతాం?

రెండోది కాలం. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. 2023 జనవరి 22న ప్రిలిమినరీ పెట్టారు. 95 వేల మందికి పైగా పాసయ్యారు. కోర్టు కేసులు, ఇతర కారణాల వల్ల పరుగు పరీక్షలు 2024 డిసెంబరు ఆఖరు దాకా జరగలేదు. చివరి రాత పరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆగస్టు 1న. రెండేళ్ల ఎనిమిది నెలలు. అనంతపురంలో కోచింగ్ తీసుకుంటూ, గదికి అద్దె కడుతూ, గుడ్లు, పాలు తింటూ అన్నాళ్లు పరుగెత్తగలిగేది ఎవరు? ధర్మవరంలో మగ్గం పనికి పోయే పిల్లవాడు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ చుట్టూ కాంట్రాక్టు పనికి పోయే పిల్లవాడు ఆ మధ్యలోనే జారిపోతారు. మేము ఎరిగినవాళ్లలో ప్రిలిమ్స్ పాసై కూడా మైదానం దాకా పోనివాళ్లు ఉన్నారు. అప్పటికి వాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, బిడ్డలు పుట్టారు.

మూడోది అన్నిటికంటే గట్టిది. అది వెరిఫికేషన్. మా దగ్గర చదివిన ఒక పిల్లవాడి సంగతి చెప్తాం. పేరు, ఊరు, స్టేషను రాయం, వాడి బతుకు ఇంకా ముందుంది కాబట్టి. పందొమ్మిదేళ్లప్పుడు జాతరకు రెండు రోజుల ముందు వాణ్ణి, వాళ్ల మామను ఎంక్వయిరీ అని తీసుకుపోయారు. రెండు రాత్రులు ఉంచుకున్నారు. ఫోటో తీశారు, వేలిముద్రలు తీశారు, పంపేశారు. కేసు లేదు, కాగితం లేదు. తర్వాత వాడు డిగ్రీలో చేరాడు, కానిస్టేబుల్ పరీక్ష రాశాడు, పరుగు గెలిచాడు, రాత పరీక్షా గెలిచాడు. కాలనీలో పటాసులు కాల్చారు. అప్పుడు అటెస్టేషన్ ఫారం వచ్చింది. నిన్ను ఎప్పుడైనా అరెస్టు చేశారా, నిర్బంధంలో ఉంచారా, కేసు పెట్టారా అని అందులో అడుగుతారు.

వాడు ఆ ఫారం పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ‘అవును అని రాస్తే ఏ కేసు అంటారు సార్, చూపించేకి నా దగ్గర ఏమీ లేదు. లేదు అని రాస్తే దాచినావు అంటారు. ఏం రాసేది?’ అన్నాడు. మాకూ తెలియలేదు. కేసు లేదు కదా, లేదని రాయమన్నాం. విచారణకు వచ్చినవాళ్లు మొదట పోయింది కాలనీ ఎదురుగా ఉన్న అంగడికి. ‘వీళ్ల ఇంట్లో ఎవరైనా లోపలికి పోయొచ్చినారా?’ అని అడిగారట. వాళ్ల తాత పేరు మీద ఎప్పటిదో షీటు ఉంది. తాత చనిపోయి పదేళ్లయింది. ఆర్డరు ఈ వారం వస్తుంది, వచ్చే వారం వస్తుందని ఏడు నెలలు తిప్పారు. వాడు ఎదురుచూడలేక బెంగుళూరు రైలెక్కాడు. అక్కడ ఒక అపార్ట్‌మెంటులో సెక్యూరిటీ గార్డుగా ఉన్నాడు. ఆ ఇళ్లవాళ్లు తాళంచెవులు వాడి చేతికే ఇచ్చి ఊళ్లకు పోతారు.

మేము ఆ రోజు ఇచ్చిన సలహా తప్పు. తెలియనితనంతో ఇచ్చాం. అది ఒప్పుకుంటూ, తక్కిన పిల్లల కోసం రాస్తున్నాం. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇది: ఫారంలో అడిగినదానికి నిజం రాయాలి, దాచడమే ఉద్యోగానికి ముప్పు తెస్తుంది, చిన్న తప్పిదం అయితే దాన్ని పట్టించుకోకుండా వదిలేసే వీలు అధికారులకు ఉంది. కాబట్టి కొట్టేసిన కేసైనా, రాజీ అయిన కేసైనా రాయాలి. కేసు లేకుండా రాత్రిళ్లు ఉంచుకున్న సంగతి ఉంటే, ఫారం నింపే ముందు వకీలును అడగాలి. వకీలుకు డబ్బులెక్కడివి అనుకోవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కోర్టులకు పోయి అడగొచ్చు. మన పిల్లవాణ్ణి తీసుకుపోయినప్పుడు ‘వదిలేశారు కదా’ అని ఊరుకోవద్దు. ఏ తేదీ, ఏ వేళ, ఎవరు పిలిచారు, ఎప్పుడు పంపారు అని ఆ రాత్రే ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టాలి. వాళ్ల దగ్గర మన మీద పుస్తకం ఉన్నప్పుడు మన దగ్గరా ఒకటి ఉండాలి.

ప్రభుత్వానికి మేము చెప్పేది కొత్తదేమీ కాదు, కోర్టు చెప్పిందే. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, అణగారిన కులాల, తెగల అమాయకుల పేర్లు కేవలం వాళ్ల పుట్టుకను బట్టి హిస్టరీ షీట్లలోకి యాంత్రికంగా ఎక్కకూడదని చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 3న జైళ్లలో కులవివక్ష మీద ఇచ్చిన సుకన్యా శాంత తీర్పులో, ఒకప్పుడు నేరస్థ ముద్ర పడిన తెగలవాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదని పోలీసులకు చెప్పింది. ఈ రెండు తీర్పులు మా జిల్లా స్టేషన్లకు చేరాయా? చేరితే ఎన్ని షీట్లు తీసి చూశారు? చనిపోయిన తాతల షీట్లు ఎన్ని మూసేశారు? ఈ ప్రశ్నకు జవాబు అడగడానికి మేము ఎవరి దయా అడగాల్సిన పని లేదు.

ఇంటికొక కానిస్టేబుల్ ఉంటే చాలనే మా తమ్ముళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. మా వాళ్లలో ఒకాయన చాలా ఏళ్ల కిందటే పోలీసు అయ్యాడు. కాలనీకి గర్వం. కొన్నాళ్లకు ఒక స్టేషన్‌లో మా వాళ్లను కూర్చోబెట్టి అడుగుతున్నప్పుడు ఆయన్ను పిలిపించారు. కొట్టడానికి కాదు. ఆ మనుషులు తమలో తాము కుర్రు భాషలో ఏం మాట్లాడుకుంటున్నారో విని చెప్పడానికి. ఆయన విన్నాడు, చెప్పాడు. మా అమ్మలు సోది చెప్పేటప్పుడూ, మేము పిల్లల్ని జోకొట్టేటప్పుడూ మాట్లాడే భాష అది. ఆ రోజు నుంచి ఆయన ఇంటికి వస్తే కాలనీలో తెలుగే మాట్లాడతారు. ఆయన్ను మేము నిందించడం లేదు. పైవాడు చెప్పినప్పుడు కింది ఉద్యోగి కాదనలేడు, మేమూ సర్కారు ఉద్యోగులమే. కానీ మనిషి మారినా పుస్తకం మారకపోతే ఆ మనిషిని పుస్తకం తనకు కావాల్సినట్టు వాడుకుంటుంది. ఆయనొక్కడూ కాదు, పది మంది ఉన్నా అంతే.

అయితే పోవద్దనే పెద్దవాళ్ల మాటా మాకు సమ్మతం కాదు. అవ్వా, తాతా, మీ భయం నిజం. మీ వీపుల మీద దాని గుర్తులు మేము చూశాం. కానీ మనం పోకపోతే ఆ స్టేషన్‌లో మన గురించి తెలిసినవాడు ఒక్కడూ ఉండడు. తన మీద పెట్టిన ఫిర్యాదును చదవగలిగే ఎరుకల ఆడమనిషి ఉంటే, ఆ ఫిర్యాదును రాసుకునే కుర్చీలో ఇంకో ఎరుకల ఆడమనిషి ఉంటే, రెండూ కావాలి. ఒకటి ఉంటే చాలదు. బడికి కూడా ఒకప్పుడు మీరు ఇలాగే భయపడ్డారు. పిల్లల్ని లాక్కుపోయిన బడి అది. అదే బడిలో ఇప్పుడు మేము హాజరు పిలుస్తున్నాం.

అందుకే అడుగుతున్నాం. మా కాలనీల, తండాల వాళ్ల మీద ఉన్న షీట్లన్నీ తీసి ఒక్కొక్కటి చూడండి, కేసు లేనివి, మనిషి లేనివి మూసేయండి, మూసేశామని ఆ ఇంటికి కాగితం ఇవ్వండి. అభ్యర్థి వెరిఫికేషన్‌లో వాడి సంగతి రాయండి, వాళ్ల తాత సంగతి కాదు. దానికి ఒక గడువు పెట్టండి. ఎత్తు, ఛాతీ సడలింపు మైదాన ప్రాంత ఎస్టీలకూ ఇవ్వండి. అనంతపురం పోలీస్ శిక్షణ కళాశాలతో సహా ప్రతి శిక్షణ కేంద్రంలో 1871 నుంచి 1952 దాకా నడిచిన కథను పాఠంగా చెప్పండి. ఎవరి మనవలతో కలిసి పరేడ్ చేస్తున్నారో తక్కినవాళ్లకూ తెలియాలి. జాతర వచ్చిన ప్రతిసారీ, దొంగతనం జరిగిన ప్రతిసారీ మొదటి బండి మా కాలనీకి రావడం ఆపండి.

ఐదో తరగతిలో ఆ మాట చెప్పిన పిల్ల ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు. పొద్దున ఐదింటికి పెనుకొండ కొండ కింద రోడ్డు మీద పరుగెత్తుతోంది, తోడుగా వాళ్ల నాయన సైకిల్ మీద వస్తాడు. నిరుడు బడి గోడ మీద గీత గీసి కొలిస్తే 151 సెంటీమీటర్లుంది. అరకులో పుట్టి ఉంటే సరిపోయేది. ఇక్కడ ఒకటిన్నర తక్కువ. ‘పెరుగుతా సార్’ అంటుంది. పెరుగుతుందో లేదో మేము చెప్పలేం. వచ్చే నోటిఫికేషన్‌లోపు ఆ ఒకటిన్నర సెంటీమీటర్ల కోసం, వాళ్ల నాయన మీదున్న షీటు కోసం అర్జీ రాసి పెట్టాం. సంతకాలకు కాలనీ కాలనీకి, తండా తండాకు తిరుగుతున్నాం. ఈ పుస్తకం చదివిన మీ ఊళ్లోనూ అలాంటి పిల్ల ఉంటే మీరూ ఒకటి రాయండి.